టంకం పొగ

అరవండి బావగారూ, ఇంకా అరవండి. ఎవరికి వినిపిస్తుందట? బంగారం రజను గాలికి ఎగిరిపోతుందని ఈ పనిగదికున్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టించింది మీరే కదా!

ఆ చెయ్యి అలా ఆడించకండి. సుత్తి దెబ్బ, ఎముక నలిగే ఉంటుంది.

ఏంటీ, పిచ్చా నాకు? ఉండొచ్చు. పొద్దున డాక్టరు చెప్పింది వింటే మీకూ పట్టేది.

మీ తమ్ముడికి రెండు కిడ్నీలూ పోయాయంటే మీరేమన్నారు? "కట్టుకున్న పెళ్ళాం ఉండగా నేనెందుకమ్మా?" అన్నారు. సరే, నేనే ఇస్తానన్నాను. రక్తం కలిసింది. ఆ సంతోషంలో ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను, తెలుసా? అంతలో మూత్రం పరీక్ష వచ్చింది.

కాడ్మియం ఉందట! నగలు అతకడానికి మీరు తెప్పించే ఆ చవక టంకంలో ఉంటుందే, అదే. ఒంట్లో నిలవాల్సిన ప్రోటీను కూడా చిల్లికుండలో నీళ్ళలా కారిపోతోందట. "మీ కిడ్నీలు మీకే చాలవమ్మా, ఆయనకేం ఇస్తారు?" అన్నాడు డాక్టరు.

నేనెప్పుడైనా టంకం వేశానా? వేసింది ఆయన. నేను నేల ఊడ్చి, ఆ చెత్తా, తుడుపు గుడ్డలూ ఇక్కడే మూకుట్లో కాల్చి, బూడిదలోంచి మీకు రజను తీసి ఇచ్చేదాన్ని. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ పొగలోని కాడ్మియం నా ఒంట్లో పడింది. "మా మరదలి చేతిలో రవ్వంత కూడా పోదు" అని నలుగురిలో మెచ్చుకునేవారు మీరు. పొంగిపోయేదాన్ని, వెర్రిమొహాన్ని!

దగ్గొస్తోంది, కిటికీ తీయించన్నా అని మీ తమ్ముడు కాళ్ళావేళ్ళా పడ్డాడే! "పొగకి చచ్చినవాడు లేడు, రజను పోతే మాత్రం చస్తాం" అన్నదెవరండీ? ముందు కొట్లో ఫ్యాను కింద కూర్చుని అన్నారు ఆ మాట.

కదలొద్దన్నానా! చూశారా, అనవసరంగా ఇంకోటి తిన్నారు. నోరు తుడుచుకోండి. పన్ను ఊడింది, మింగేరు. ఇంత కొడుతూ కూడా మిమ్మల్ని మీరూ, తమరూ అనే అంటున్నాను. పాడు అలవాటు, చావదు.

చంపుతాననుకుంటున్నారా? దాపరికమెందుకు, వచ్చేటప్పుడు నేనూ అదే అనుకున్నాను. మొదటి దెబ్బ మీ నెత్తి మీదే వెయ్యబోయాను. చెయ్యి ఎత్తాక ఆగిపోయింది.

ఆయనకి అన్న ఉన్నాడు కదా అనిపించింది. ఒకే కడుపున పుట్టినవాడు. ఈ గదిలో ఒక్క పూటైనా పొగ పీల్చనివాడు.

అందుకే చెయ్యి విరిచాను, నోరు పగలగొట్టాను. నడుం మీద మాత్రం దెబ్బ పడనివ్వలేదు. కావాలంటే తడిమి చూసుకోండి.

లేవండి, ఆటో పిలుస్తాను. ఆసుపత్రివాళ్ళు అడిగితే మెట్ల మీంచి జారానని చెప్పండి, తర్వాత మూత్రం పరీక్షకి చిన్న సీసా ఇస్తారు, అది నింపండి. ఏడవకండి బావగారూ. మీకున్న రెండిట్లో ఒకటి మీ తమ్ముడిది.