పెదాలు కలిసే మాట

డబ్బింగ్ థియేటర్‌లో మైకు ముందు ఆమె, అద్దానికి ఇవతల మాటల రచయిత. తెరమీద పరభాషా కథానాయిక గుమ్మంలో నిలబడి, ఇల్లు వదిలి వెళ్లిపోతున్న భర్తతో ఏదో అంటోంది.

“‘నన్ను వదిలి వెళ్లకు’ అని రాశావేంటి? మొదట్లోనే ఆవిడ పెదాలు కలుస్తున్నాయి. నా నోరేమో తెరిచే ఉంటోంది.”

“అయితే ‘బతిమాలుతున్నాను, ఉండిపో’ అను.”

“పెదాలకు సరిపోయింది, మనిషికే సరిపోలేదు. ఇంత ఆత్మాభిమానం ఉన్నావిడ బతిమాలుతుందా?”

“మరేమంటుందట?”

“‘భోంచేసి వెళ్లు’ అంటుంది.”

రచయితకు నవ్వొచ్చింది. “కాపురం కూలిపోతుంటే భోజనమా!”

“తినేంతసేపైనా ఉంటాడని. ఆ కాసేపట్లో మనసు మారుతుందేమోనని. ఆ రోజు మన గుమ్మంలో నేనూ నీతో అదే అన్నాను.”

కాగితం మీద అతని కలం ఆగిపోయింది. ఇన్నేళ్లూ అతనికది అన్నం గురించిన మాటగానే గుర్తుంది.

“తర్వాత అతని డైలాగేంటి?” అందామె, మైకు సర్దుకుంటూ.

“అతను అటు తిరిగి ఉన్నాడు. పెదాలు కనపడవు. ఏదైనా రాయొచ్చు.”

“అయితే ‘ఆకలి లేదు’ అని మాత్రం రాయకు.”