వంశంలో ఎవరికీ లేదట

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఒత్తులు ఒక్కోచోట జారిపోతాయి, ఒక పేజీ నిండడానికి వారం పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. అక్కడ అన్న మాటలే రాశాను, మధ్యలో కొత్తగా ఏమీ కలపలేదు.

ఆసుపత్రి వరండా. కిటికీ ముందు, బట్టలకు కాజాలు కుట్టే ఒకావిడ. పక్కన ఆమె మరిది, బస్సు డ్రైవరు. కిటికీ లోపల నర్సు. కాజాలావిడ కూతురు లోపలి గదిలో మంచం మీద ఉంది. జ్వరానికి అది ఎనిమిదో రోజు.

“ఇంటికి తీసుకెళ్ళమన్నాక తీసుకెళ్ళాలి వదినా. డాక్టరు కంటే మనకెక్కువ తెలుసా?”

“నేను కదలను.”

“ఒళ్ళునొప్పులకి బిళ్ళలు రాశారు కదా. వైరస్ జ్వరం, నాలుగు రోజుల్లో అదే పోతుందన్నారు.”

“జ్వరం పోతుంది మరిదీ. కాలు సంగతి చెప్పు. ఎడమ పిక్క చూశావా? కుడిదానికి రెండింతలుంది. చెయ్యి పెడితే కాలిపోతోంది.”

“పిక్క పట్టింది. మనింట్లో అది ఎవరికి రాలేదు? వీధిలో మనల్ని పిక్కలవాళ్ళనే కదా అంటారు.”

“అంటారు. అన్నవాళ్ళే వచ్చి మనింటి పాడె మోశారు. రెండుసార్లు.”

“అబ్బ, ఏం మాటలు వదినా అవి!”

“నర్సమ్మా, నిన్నే. కాలికి స్కాన్ ఎక్కడ తీస్తారు?”

“డాక్టరుగారు రాయందే తియ్యరమ్మా.”

“అయితే రాయించు.”

“రాయించడానికి నేనెవర్ని? మీరిచ్చిన కాగితం చూసే ఆయన ఇంటికి పంపమన్నారు. ఇదిగో, సంతకం మీదే.”

“సంతకం నాదే. నింపింది ఈయన. ఇలా ఇవ్వు, చదువుతాను.”

“ఇప్పుడెందుకు వదినా? కళ్ళజోడు కూడా తెచ్చుకోలేదు...”

“కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను. ఇవ్వమ్మా. వం... శం... లో... రక్తం... గడ్డ... కట్టిన వాళ్ళు... ఉన్నా... రా. ఎదురుగా... లే... దు. లేదు! ఎందుకు లేదని రాశావు?”

“వెనక జనం తోసేస్తున్నారు వదినా. చూసుకోకుండా అన్నిటికీ లేదు, లేదు అని రాసుకుంటూ పోయాను.”

“దీని పైన షుగర్‌కి ‘ఉంది, నానమ్మకి’ అని రాశావే?”

“అదీ... అది గుర్తొచ్చింది.”

“మీ అమ్మ షుగర్ గుర్తొచ్చింది. మీ నాన్న, మీ అన్న గుర్తు రాలేదు.”

“నీకు చదువొచ్చిన దగ్గర్నుంచీ ప్రాణాలు తీస్తున్నావు వదినా.”

“తియ్యడానికి కాదు, ఒకటి నిలబెట్టుకుందామని.”

“ఆగండి, ఆగండి. అమ్మా, నిజంగా మీ ఇంట్లో ఎవరికైనా అయిందా?”

“మా మామగారికి. జలుబు, జ్వరం, వారం మంచం. లేచేసరికి కాలు దుంగలా అయింది. పిక్క పట్టిందన్నాం. మూడోనాడు మంచినీళ్ళు అడిగారు. గ్లాసు తెచ్చేలోపల ఒరిగిపోయారు. గుండె ఆగిందన్నారు.”

“తర్వాత?”

“తర్వాత మా ఆయన. యాభై రెండేళ్ళు. అదీ జ్వరమే, అదీ ఎడమకాలే. నూనె రాసి నేనే పిసికాను. ఇంకాస్త గట్టిగా అన్నారు. గట్టిగానే పిసికాను.”

“అయ్యో, పిసక్కూడదమ్మా! లోపల గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి...”

“ఇప్పుడు తెలుసు. అప్పుడు చెప్పినవాళ్ళెవరు? పొద్దున నా కూతురు, అమ్మా, కాస్త పిసకవే అంది. ఈ చేతుల్ని ఆపుకోవడానికి కొంగు పిడికిట్లో బిగించుకుని కూర్చున్నాను.”

“వదినా, పదిమందిలో ఈ గొడవంతా ఎందుకు? ఊరంతా జ్వరాలే. అందరికీ గడ్డలు కడుతున్నాయా?”

“అందరికీ కాదండీ. కొన్ని కుటుంబాల్లో రక్తం తొందరగా గడ్డకట్టే గుణం పుట్టుకతోనే వస్తుంది. మామూలు రోజుల్లో ఏమీ తెలీకపోవచ్చు. ఇలాంటి జ్వరం వచ్చి, నీళ్ళు సరిగా తాగక, కదలకుండా పడుకుంటే అప్పుడు ప్రమాదం ఎక్కువ. ఆ ప్రశ్న అందుకే పెట్టారు.”

“విన్నావా మరిదీ? ఊరికే పెట్టలేదట. నర్సమ్మా, అది కొట్టేసి ‘ఉంది’ అని రాయి.”

“నోటిమాట మీద ఎలా రాయనమ్మా? గుండె ఆగిందన్నారని మీరే చెప్తున్నారు. డాక్టరుగారు ఒకసారి పొమ్మన్నాక మళ్ళీ అడగాలంటే నాకు ఏదో ఒక ఆధారం ఉండాలి. ఎవరిదైనా రక్తపరీక్ష కాగితం ఉందా?”

“పోయినవాళ్ళకి పరీక్ష ఎక్కడ చేయించను?”

“అదీ సంగతి. పద వదినా. బండి బయటే ఉంది.”

“నువ్వు పో. నేను ఈ బల్ల మీదే ఉంటాను. ఇక్కణ్ణుంచి గెంటితే గుమ్మంలో కూర్చుంటాను.”

“వాచ్‌మన్‌ని పిలుస్తారు.”

“పిలవనీ. అతని చొక్కాకి రెండు గుండీలు లేవు, కూర్చున్నచోటే కుట్టిపెడతాను. నా కూతుర్ని మాత్రం మంచం దింపనివ్వను.”

“అమ్మా, కొంచెం మెల్లగా. లోపల పేషెంట్లున్నారు.”

“ఇన్నేళ్ళూ మెల్లగానే మాట్లాడాను తల్లీ. మామగారప్పుడు కొత్తకోడల్ని, నోరెత్తలేదు. మా ఆయనప్పుడు చదువు రానిదాన్ని, కాగితంలో ఏముందని అడగలేదు. ఇప్పుడు కొత్తకోడల్నీ కాదు, చదువు రానిదాన్నీ కాదు. స్కాన్ తియ్యందే లేవను. ఏమయ్యా, ఆ పాదాలెందుకలా ఆడిస్తావు? బ్రేకు తొక్కుతున్నట్టు!”

“కూర్చున్నప్పుడు ఆడించమని డాక్టరు చెప్... అలవాటు వదినా.”

“ఏ డాక్టరు?”

“ఎవరో ఒకరు. గంటలు గంటలు సీట్లో కూర్చుంటాం కదా, డ్రైవర్లందరికీ చెప్తారు.”

“ఆ మేజోళ్ళు కూడా డ్రైవర్లందరికీ ఇస్తారా అండీ?”

“ఏ మేజోళ్ళు నర్సమ్మా?”

“కాళ్ళాడిస్తుంటే ఆయన ప్యాంటు పైకి జరిగింది చూడండి, మోకాలి దాకా బిగుతుగా ఉన్నాయి. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా అలాంటివి మా వార్డులో రోగులకి తొడిగిస్తాం.”

“చలికి వేసుకున్నాను.”

“ఈ ఎండలోనా?”

“వదినా, నావైపు అలా చూడకు.”

“చూడ్డం లేదు. వింటున్నాను.”

“డిపోలో తెలిస్తే స్టీరింగు మీద చెయ్యి వెయ్యనివ్వరు. ఇరవై ఏళ్ళ సర్వీసు. నాకు ఇంకో పని రాదు. ఇద్దరు పిల్లలు...”

“నాకు ఒక్కతే.”

“నేను కావాలని...”

“మరిదీ. నాకు ఒక్కతే.”

“...నర్సమ్మా, కాగితం నా ఫోనులో ఉంది. ఇదిగో. పెద్దది చేసి చూడండి. అన్నయ్య పోయిన మరుసటేడు నాకూ కాలు వాచింది. వేరే ఊళ్ళో చూపించుకున్నాను. పుట్టుకతో వచ్చిందే అన్నారు. ఆరేళ్ళ నుంచి రక్తం పలచబడే మందు వేసుకుంటున్నాను.”

“ఇది చాలండీ. డాక్టరుగారికి నేనే చూపిస్తాను. అమ్మా, పాపని కదపకండి, కాలు ఎవరూ ముట్టుకోకండి. స్కాన్‌కి మంచంతోనే తీసుకెళ్తారు.”

“వదినా... ఏదైనా అను. తిట్టు.”

“ఆరేళ్ళ కిందట ఆ డాక్టరు నీకు మందు ఒక్కటే ఇచ్చాడా? ఇంకేమైనా చెప్పాడా?”

“చెప్పాడు. ‘మీ అన్న కూతురికి రేపే పరీక్ష చేయించండి’ అన్నాడు.”

కాజాలత్త. అరవై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు నా కూతురి ఇంట్లో ఉంటున్నాను.