దీనమ్మ గారు తెరకు కట్టిన అట్ట

శ్రీమతి గెడ్డం దీనమ్మ గారు 1975 జూలై 14, సోమవారం ఉదయం పదిన్నరకు మన రెవెన్యూ కార్యాలయంలో తెలుగు టైపిస్టుగా చేరారు. మామిడికుదురు నుంచి బస్సులో వచ్చారు. వారి కుటుంబంలో నెల జీతానికి సంతకం చేసిన మొదటి మనిషి వారే. ఈ ఆగస్టు 31న పదవీ విరమణ చేస్తున్నారు. ధైర్యంగా పనిచేశారని రాస్తే వారు ఒప్పుకోరు. భయపడుతూనే చేశానంటారు. ఆ మాట ఎందుకంటారో తెలిసినవారు ఆఫీసులో కొందరే మిగిలారు.

అమలాపురంలో వారికి టైపు నేర్పిన మాస్టారు కీల మీద అట్టపెట్టె బోర్లించి, విద్యార్థుల చేతులు దాని కిందకు పంపేవారు. చేతుల వైపు చూస్తే ఆ రోజుకు పాఠం అయిపోయినట్టే. అలా అబ్బిన విద్యతో దీనమ్మ గారు ఇరవై మూడేళ్లు తెలుగు టైపు మిషను మీద పనిచేశారు. ఫోనులో చెబుతుంటే వింటూనే కొట్టేవారు. పైఆఫీసు సందేశాలు చేత్తో రాసుకోవడం మానేసి, నేరుగా ఆమె చేత కొట్టించడం మన ఆఫీసు పద్ధతి అయింది.

1998 మార్చిలో కంప్యూటరు వచ్చింది. దానికి ఒక గది, గదికి పరదా, గుమ్మం బయట చెప్పులు విడవాలన్న నియమం కూడా వచ్చాయి. "అన్నీ మిషనే కొట్టేస్తాదంటండి, ఇంక టైపిస్టులెందుకండి?" అని వరండాలో ఎవరో అన్న మాట ఆమె చెవిన పడింది. ఆ సాయంత్రం భర్త బాబూరావు గారితో, "నన్ను తీసేస్తారేమోనండి" అన్నారు. తర్వాతి నెల రాజమండ్రి మెకానిక్ వచ్చి కంప్యూటరులో తెలుగు ఎక్కించి వెళ్లాడు. పై వరసలో కుడి చివరి కీ నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. తెలుగు అక్షరాల అమరిక పాత టైపు మిషనుదే కనుక వేళ్లకు దారి తెలుసు. ఏ భాషలో ఉన్నదీ తెలియాలంటే మాత్రం తెర చూడాలి. చూడకుండా కొట్టడమే ఆమె నేర్చుకున్న విద్య.

అందుకని కాగితాల పెట్టె మూత కత్తిరించి, ఒకవైపు "తె" అనీ, రెండోవైపు "ఇం" అనీ రాసి, తెర అంచుకు పురికొసతో కట్టారు. కీ నొక్కిన ప్రతిసారీ అట్ట తిప్పేవారు. అటెండరు అప్పన్న గుమ్మంలోంచి, "అమ్మగారండీ, ఈ పూట మనం తెలుగోళ్లమాండీ, ఇంగ్లీషోళ్లమాండీ?" అని అడిగేవాడు.

"అట్ట చూసుకో అప్పన్నా" అనేవారు ఆమె.

అందరూ అట్టనే చూసేవారు.

2001 నవంబరులో ఒక రోజు వాయుగుండం తీరం వైపు వస్తోందని రేడియో చెప్పింది. 96 తుపాను చూసిన ఊళ్లు మనవి. ఉదయం అరగంట కరెంటు పోయింది. తిరిగి వచ్చాక అప్పన్న కంప్యూటరు వేశాడు. ఆగి మొదలైన ప్రతిసారీ అది ఇంగ్లీషులోకి పోతుంది. అట్ట మాత్రం "తె" వైపే ఉంది.

పన్నెండుంబావుకు పైఆఫీసు నుంచి ఫోను వచ్చింది. పద్నాలుగు తీర గ్రామాలు, ఏ ఊరికి ఏ బస్సు, ఎన్నింటికి, జనాన్ని ఏ బడికి చేర్చాలి. దీనమ్మ గారు అట్ట చూసి, రిసీవరు భుజానికి అదిమి, కళ్లు మూసుకుని కొట్టారు. చివరి ఊరు ఓడలరేవు. చెల్లెలు బేబి కాపురం అక్కడే.

ఫోను పెట్టి కళ్లు తెరిచేసరికి తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు. ఒక్క మాటకూ అర్థం లేదు. కీ నొక్కితే ఇక మీదట కొట్టేది తెలుగవుతుంది గానీ, కొట్టేసింది మారదు. అంతలో కరెంటు మళ్లీ పోయింది. బల్ల కింద యూపీఎస్ కూత పెట్టడం మొదలుపెట్టింది. అది పది నిమిషాలే నిలుస్తుంది.

ఎమ్మార్వో అమ్మిరాజు గారు పరదా తోసుకుని వచ్చారు. "ఏమిటండీ ఇది?"

"అట్ట చూసేనండి. తెర చూడలేదండి."

"మళ్లీ ఫోను చేసి కనుక్కోండి."

"ఫోను పోయిందండయ్యా" అన్నాడు అప్పన్న, రిసీవరు చెవికి పెట్టుకునే.

డ్రైవర్లు కాగితం కోసం వరండాలో నిలబడి ఉన్నారు. దీనమ్మ గారు చేతులు కీల మీద నుంచి తీసి బల్ల మీద పెట్టారు. తెర మీది మొదటి అక్షరం ఏ వేలు కొడితే పడింది? ఎడమ చేతి ఉంగరపు వేలు. ఆ వేలి కింద తెలుగులో ఉన్న అక్షరం ఏది? వేలు బల్లను తాకింది. "రాసుకోండి సార్" అన్నారు.

అమ్మిరాజు గారు నిలబడే రాశారు. ఒక్క అక్షరం తప్పు చదివితే ఒక ఊరి బస్సు మరో ఊరికి పోతుంది. నాలుగో ఊరి దగ్గర ఆమె చూపు తెర అడుగున ఉన్న చివరి వరసకు పోయింది.

"ముందు మీ చెల్లెలి ఊరు చదివేయండమ్మా" అన్నారాయన.

"వరస తప్పితే వేళ్లు తడబడతాయండి. వరసలోనే రానివ్వండి."

యూపీఎస్ కూతల మధ్య విరామం తగ్గింది. పదమూడో ఊరు అయింది. పద్నాలుగోది ఓడలరేవు, బస్సు నంబరు, రెండున్నర, బడి పేరు. అమ్మిరాజు గారు బడి పేరు రాస్తుండగా తెర ఆరిపోయింది.

బస్సులు వెళ్లాయి. రెండు రోజుల దాకా ఫోను బాగుపడలేదు. చదివింది సరిగానే చదివానా అని ఆ రెండు రోజులూ ఆమె అప్పన్నను కనీసం ఇరవైసార్లు అడిగారు. "ఆయ్, సరిగానే చదివేరండి" అనేవాడు, ఏమీ తెలియకుండానే. మూడో రోజు బేబి బడి నుంచి నేరుగా ఆఫీసుకు వచ్చి, "ఏటక్కా అలా చిక్కిపోయేవు?" అంది. పద్నాలుగు ఊళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు.

అడగకుండానే దీనమ్మ గారు సంజాయిషీ రాసిచ్చారు: "అట్టను నమ్మి తెరను చూడలేదు." అమ్మిరాజు గారు దాని మీద, "అట్ట అక్కడే ఉండాలి. తీసినవారికి మెమో ఇవ్వబడును" అని రాసి తిప్పి పంపారు. నాటి నుంచి కరెంటు పోతే చాలు, ఆమె ముందు అట్టను "ఇం" వైపు తిప్పేవారు.

ఇప్పటి కంప్యూటరు భాష పేరు తెర మూల తానే చూపిస్తుంది. అట్ట అవసరం లేదు, అయినా ఉంది. గత వారం ఆమె సన్మానం గురించి అందరం కూర్చుని మాట్లాడుకుంటుండగా కరెంటు పోయింది. దీనమ్మ గారు మాట మధ్యలో లేచి, గదిలోకి వెళ్లి, అట్ట తిప్పి వచ్చి కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు.

సెప్టెంబరు ఒకటి నుంచి ఆ అట్ట మేం తిప్పుతాం. కరెంటు పోయినా, గాలి లేచినా దీనమ్మ గారు కుర్చీలోంచి లేవనక్కరలేని రోజులు రావాలనీ, బాబూరావు గారితో, కుమార్తె శారోన్‌తో, చెల్లెలు బేబితో కలిసి ఆరోగ్యంగా నూరేళ్లు ఉండాలనీ కార్యాలయ సిబ్బంది అందరం మనసారా కోరుకుంటున్నాం.