పరదేశి బండికి మేకు

ఏట్రా నానాజీ, లైసెన్సు పుస్తకమా అది? స్కూటరుకొకటి, ఆటోకొకటి, లారీకొకటీనా? స్పీడులు కూడా యేరేయేరేనా? మరి ఎద్దుబండికి నీళ్ళింజిను బిగిస్తే ఏ లైసెన్సు తియ్యాలో రాసుందేటి? సూడు, బాగా సూడు. నేదు కదా. ఉండదు. ఆ ముక్క తెలక్కే పరదేశి కాడ మేఁవు... నీకు తెలీదులే ఆ గొడవ, నువ్వప్పటికి నిక్కర్లేసుకునీవోడివి. తొంభై ఆరు. కాదు, తొంభై ఏడు గావాల. మా యింటిపక్కే, రెండెకరాల సెరుకు. నన్ను మావా అనీవోడు, సుట్టరికం కాదు, ఊరి వరస. ఆడి ఎద్దుల్లో ఒకటి సచ్చిపోతే రెండోదాన్ని అమ్మీసేడు. టైరుబండి మిగిలింది, పొలంలో నీళ్ళు తోడీ డీజిలింజిను మిగిలింది. వారంరోజులు ఎల్డింగు షాపుకాడ కూకుని ఏటి సేసేడో ఏటో, ఇంజిను బండికి బిగించీసి, ముందుకి పాత ఆటో సక్రం తగిలించీసి డబడబడబమని తోలుకొచ్చీసేడు. మొదటిరోజే కొండలమ్మ ఇడ్లీ పొయ్యిమీదికి ఎక్కించీసేడు. ఆవిడ తిట్లు నర్సీపట్నం దాకా ఇనబడ్డాయి.

ఇంక నాతవరం రోడ్డు టీబడ్డీకాడ పంచాయితీ. పెద్దలంటే ముగ్గురం. సింగనుండీవోడు, రిటైరైన బస్సు డ్రైవరు. 'దీనికి హెవీ లైసెన్సుండాల, ముప్పై ఏళ్ళు బస్సు తోలినోణ్ణి, నాకు తెలీదేటి' అంటాడు. గంగులేమో ఎడ్ల రైతు. 'బండికి లైసెన్సేట్రా, ఎద్దుకి ఫొటో తీస్తారేటి' అంటాడు. 'ఎద్దు నేదు కదరా దానికి' అంటే, 'నేకపోతే మరీ మంచిది, ఎవర్నీ పొడవదు' అంటాడు. నాకు బుర్ర తిరిగిపోయింది. సౌండు ట్రాక్టరుది, ముందు సక్రం ఆటోది, ఎనక బండిది. పరదేశి సేతులు కట్టుకుని 'బ్రేకిన్స్‌పెక్టరు పట్టుకుంటే ఏటి సెప్పమంటారు' అని అడుగుతాడు. ఆకరికి నానే తేల్సేను. ఎద్దెంత జోరుగా నడుస్తాదో అంత జోరుగా ఎల్తే అది ఎద్దుబండే, దాటితే మోటారు. అందరూ బాగుందన్నారు. గంగులు ఎద్దుని కల్వర్టుదాకా నడిపించేం, దానెనకాల పరదేశి. ఇంజినుకి స్పీడు పెంచీ రాడ్డుంటాది సూడు, ఎద్దు నడక్కి అదెక్కడాగిందో అక్కడ అడ్డంగా సెక్కమేకు కొట్టించేం. మేకు తియ్యనని ఉపమాక ఎంకన్న మీద ఒట్టేయించుకున్నాం. ఒట్టెయ్యించుకున్నోళ్ళే ఆ ఒట్టు తియ్యాల కదా, మన్లో అంతే కదా. రెండేళ్ళు అలగే తోలేడు. నడిసెల్లీవోళ్ళు ఆడితో కబుర్లాడుకుంటా పక్కన నడిసీవోళ్ళు, కబుర్లైపోతే ఆణ్ణి దాటి ఎల్లిపోయీవోళ్ళు. నాకు భలే గొప్పగా ఉండీది. నా మాటే కదా మరి.

ఆ తరవాత... ఏడాది గుర్తు నేదు. సెరుకు నరుకుతుంటే ఆడి పెళ్ళాం అచ్చియమ్మని పాము కరిసింది. పొద్దున్న పదయ్యుంటాది. ఆటో దొరకనేదా అంటావు, లైసెన్సుల తనికీ అనీసి ఆవేళ ఒక్క ఆటోవోడూ రోడ్డెక్కనేదు. బండిలో గోనెలమీద పడుకోబెట్టుకుని, డబడబమంటా, ఎద్దు నడక్కి, బడ్డీకాడికొచ్చి ఆపేడు. మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. 'మావా, మేకు తియ్యమంటారా' అన్నాడు. ఎనకాల్నించి ఆవిడ కూడా 'అడగండి, ఒట్టుంది, అడక్కుండా తియ్యకండి' అంటంది. నోరప్పటికే తడబడతంది. తీసీమని ఒక్కమాట. ఒక్కమాట్రా. సింగనేమో 'అంబులెన్సుకి లిమిట్టు నేదు' అన్నాడు. గంగులు 'ఇది అంబులెన్సా మరి' అన్నాడు. నానూరుకున్నానా? ఊరుకోనేదు. 'పేషంటుంటే అంబులెన్సవతాదా, సైరనుండాల కదా' అన్నాను. నిజంగా అర్దంగాకే అన్నాను, ఎటకారానికి కాదు. మేకు తీసేక బ్రేకు పట్టకపోతే దార్లోనే ఇద్దరూ పోతారేమోనని భయం కూడా. భయమో, నా మాట నెగ్గాలనో, ఇప్పటికీ నాకే తెలీదు. పరదేశి మా మొకాలు ఒకదాని తరవాత ఒకటి సూసేడు. తరవాత రాడ్డు మీద సెయ్యేసుకుని ఎల్లిపోయేడు. మేకుతోనే. ఆసుపత్రికెల్లీసరికి అయిపోయింది. ఆ పాము కరిస్తే ఎలాగూ బతకరన్నారు కొందరు, బేగి తెస్తే బతికీదన్నారు కొందరు. ఎవరి మాట నమ్మాల?

దినాలైపోయేక ఆడు బడ్డీకాడికొచ్చేడు. మేం తలెత్తనేదు. కూకున్నాడు, టీ తాగేడు. నాయేపు తిరిగి, కోపం నేదు, ఏడుపు నేదు, మామూలుగా, 'ఆవేళ మీరాకరికి ఏటి తేల్సేరు మావా? నానెల్లిపోయేను కదా, ఇన్నేదు' అన్నాడు. దెప్పేడో, నిజంగానే అడిగేడో. పరదేశి పోయి కూడా నాలుగేళ్ళవతంది, నాకు తెలీదు. ఆ బండి కల్వర్టు దాటి కనబడకుండా పోయేక కూడా మేఁవాపనేదురా. కబురొచ్చీదాకా వాదించుకుంటానే ఉన్నాం.

...ఎండెక్కీసింది. ఆ కుర్సీ ఇటు లాగు.