కోటు జేబులో అర హార్స్‌పవర్

టీ కొట్టు ముందు బల్లలు రెండున్నా, చేతులున్న కుర్చీ మాత్రం ఒక్కటే. అందులో ఎవరు కూర్చుంటే ఆ సాయంత్రం మాట వాళ్లది, కొత్తగా కాచిన టీలో మొదటి గ్లాసు వాళ్లది. ఇలాగని ఎవరూ రాసి పెట్టలేదు గానీ, పదకొండేళ్లుగా అది చిన్నల్లుడి కుర్చీ. చిన్నల్లుడంటే పక్క కొట్టు దర్జీ. మామగారి ఇల్లు ఆ వీధిలోనే కావడంతో ఆయన అల్లుళ్లిద్దరినీ వీధంతా పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలుస్తుంది. సొంత పేర్లు వాళ్లకైనా గుర్తున్నాయో లేదో.

ఆ కుర్చీలో కూర్చుని చిన్నల్లుడు ఒక్క రోజులో బ్యాండు మేళం మొత్తానికి కోట్లు కుట్టిన కథ చెప్పేవాడు. మొదట్లో ఆ మేళంలో పద్నాలుగు మంది ఉండేవారు. ఏటా కొందరు చేరి చేరి ఇప్పటికి నలభై అయ్యారు. విన్నవాళ్లే మళ్లీ మళ్లీ వినేవారు, నవ్వేవారు, టీ కొట్టు అక్క మొదటి గ్లాసు అందించేది. మనిషికి ఇంకేం కావాలి?

అంతలో పెద్దల్లుడు ఓడెక్కి వచ్చాడు.

పెద్దల్లుడిది ఎదురుగా నీళ్ల మోటార్ల కొట్టు. ఎక్కువ మోటార్లు అమ్మినందుకు కంపెనీ వాళ్లు మొగుడూ పెళ్లాలిద్దరినీ వారం రోజులు సముద్రంలో తిప్పి తెచ్చారు. చిన్నల్లుడికి మాత్రం పదకొండేళ్లలో దారం కంపెనీ ఇచ్చింది ఒక క్యాలెండరు, అదీ జూన్ నెలలో. పైగా ఆ ప్రయాణానికి నీలం రంగు కోటు కుట్టిందెవరు? చిన్నల్లుడే. కుట్టినంతసేపూ సూది గుడ్డలో దిగుతోందో తన గుండెలో దిగుతోందో తెలియలేదు అతనికి.

తిరిగొచ్చి పన్నెండు రోజులైంది. పన్నెండు సాయంత్రాలూ పెద్దల్లుడు ఎండైనా ఉక్కైనా ఆ కోటు వేసుకునే వచ్చాడు, ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. చిన్నల్లుడు బల్ల చివర, తాళాలు బాగుచేసే తాత పక్కన సర్దుకున్నాడు. ఇంట్లో చూద్దామంటే పెద్దల్లుడి భార్య, అంటే వదినగారు, తెచ్చిచ్చిన మూడు ఊళ్ల అయస్కాంతం బొమ్మ బిళ్లలు ఫ్రిజ్ తలుపుకి అతుక్కుని ఉన్నాయి, మంచినీళ్ల సీసా తీసినప్పుడల్లా కళ్లల్లో పడతాయి. దాహమేసినా కుండలో నీళ్లే తాగుతున్నాడు పాపం.

పదమూడో సాయంత్రం టీ కొట్టు అక్క మొదటి గ్లాసు కుర్చీ వైపు చాపుతూ, "అదే పెద్దల్లుడూ, ఓడ దిగి మూడూళ్లు చూశానన్నావే, అది చెప్పలేదు" అంది. చిన్నల్లుడి చేతికి మూడో గ్లాసొచ్చింది. మూడో గ్లాసులో టీ పొడి తేలుతుంది.

పెద్దల్లుడు గొంతు సవరించుకున్నాడు. "చెప్పడానికేముందక్కా, చిన్న సంగతి. ఓడ పొద్దున్నే ఒడ్డున ఆగింది, సాయంత్రం అయిదింటికి కదిలిపోతుంది, ఆలోపల సముద్రం అంచున మూడూళ్లు చూపిస్తామన్నారు. ఓడలో రెండు వేల మంది ఉన్నారు గానీ అందరూ పెద్ద బస్సుల్లో గొర్రెల్లా వెళ్లారు, మనం అలా వెళ్తామా, ఎనిమిది మందే పట్టే వ్యాను మాట్లాడుకున్నాం. దారి చూపించేవాడు తలలు లెక్కపెట్టి ఎనిమిదీ వచ్చారన్నాడు. నేను చూస్తే ఏడే. అతగాడు తనని కూడా లెక్కేసుకున్నాడు. ఒక ముసలావిడ ఒడ్డునే ఉండిపోయింది. నేను చెప్పబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆవిడ ఏమైపోయేది?"

"నీ కళ్లు మంచివి" అన్నాడు తాళాల తాత.

"కళ్లదేముంది తాతా, అసలు పని చేతులది. మొదటి ఊరు కొండకి వేలాడుతుంటుంది. ఇళ్ల మీద ఇళ్లు, మధ్యలో మెట్లు, నాలుగొందల మెట్లు. వ్యాను కొండ దిగుతుంటే ఏమైందో తెలుసా? బ్రేకులు పోయాయి. ఎదురుగా సముద్రం. లోపలున్నవాళ్లు ఎవరి దేవుణ్ని వాళ్లు పిలుస్తున్నారు. నేను మాత్రం తొణకలేదు, కోటు జేబులో చెయ్యి పెట్టాను, మన మోటారు వాషరు ఒకటి ఉంది, నడుస్తున్న వ్యాను కిందికి దూరి..."

"నడుస్తుండగా కిందికి దూరావా?" అన్నాడు డ్రైవింగ్ నేర్పే మాస్టారు. ఇరవయ్యేళ్లుగా పక్క సీట్లో కూర్చుని బ్రేకు తొక్కినవాడు ఆయన.

"ఆగాక దూరడానికి అక్కడ ఆగిందెక్కడ మాస్టారూ? దూరాను, వాషరు తొడిగాను, ఇవతలికొచ్చాను. వ్యాను సముద్రానికి జానెడు దూరంలో ఆగింది. ఒక అల వచ్చి ముందు చక్రం కడిగిపోయింది."

నవ్వారు అందరూ. అక్క స్టౌ తగ్గించి మరీ వింటోంది. నలభై మంది మేళానికి అక్క ఎప్పుడైనా స్టౌ తగ్గించిందా? తాను నలభై దగ్గరే ఆగిపోయాడే, అయ్యో, నాలుగొందలు అనాల్సింది అనిపించింది చిన్నల్లుడికి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో ఊళ్లో దీపస్తంభం ఉంది. నూరేళ్లనాటిది. తిరిగే దీపం తిరగడం మానేసి తొమ్మిది నెలలైందట, పెద్ద పెద్ద ఇంజనీర్లు చేతులెత్తేశారట. చూద్దాం పదమని పైకెక్కాను, జేబులోంచి పానా తీశాను, ఒక్క తిప్పు. దీపం వెలగడం కాదు, మిట్టమధ్యాహ్నం సూర్యుడు వెలవెలబోయాడు. ఊళ్లో కోళ్లు రెండో సారి తెల్లారిందనుకుని కూశాయి. బళ్లో పిల్లలు రేపొచ్చేసిందని ఇంటికెళ్లి మళ్లీ పలకలు పట్టుకుని వచ్చారు. ఊరి పెద్దలు కాళ్లా వేళ్లా పడ్డారు, ఇక్కడే ఉండిపొండి, ఈ స్తంభానికి మీ పేరు పెడతాం అని. నాకు కొట్టుంది, మోటార్లున్నాయి, ఉండను పొమ్మన్నాను."

"ఏ పేరు పెడతామన్నారు? పెద్దల్లుడి స్తంభమనా?" అంది అక్క. మళ్లీ నవ్వులు.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఇక్కడ ఎవరూ మోసపోవడం లేదు. కోతలని అందరికీ తెలుసు. కోస్తే కోశాడు, ఓడెక్కాడు, మూడూళ్లు చూశాడు, అంతవరకు నిజమే కదా అని వాళ్ల ధీమా. చిన్నల్లుడిని కాల్చేస్తున్నదీ ఆ నిజమే. అబద్ధానికి అబద్ధం తానూ చెప్పగలడు, ఒక మెట్టు ఎక్కువే చెప్పగలడు. మూడూళ్లు ఎక్కణ్నుంచి తెస్తాడు?

పెద్దల్లుడు కుర్చీలో వెనక్కి వాలాడు. "అసలు కథ మూడో ఊరిది. చిన్న ఊరు, పడవల ఊరు. మేం వెళ్లేసరికి సముద్రం లేదు."

"లేకపోవడమేంటి?"

"లేదు తాతా. ఆటుపోట్లంటారు చూడు, ఆ రోజు వెనక్కి వెళ్లిన నీళ్లు ఎటు పోయాయో తిరిగి రాలేదు. పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగి పడుకున్నాయి. అవతల చూస్తే మన ఓడ కూడా, పద్నాలుగంతస్తులది, బురదలో మేడలా నిలబడిపోయింది. కెప్టెను తల పట్టుకు కూర్చున్నాడు. టైము నాలుగున్నర. అయిదింటికి కదలాలి. నేను ఆయన భుజం తట్టి, ఇంతకీ నీళ్లెంత దూరంలో ఉన్నాయన్నాను. మూడు మైళ్లన్నాడు. ఇంతేనా అని కోటు జేబులో చెయ్యి పెట్టి అర హార్స్‌పవర్ మోటారు బయటికి తీశాను."

"జేబులోంచి?"

"కుడి జేబులోంచి. ఎడమ జేబులో పైపు చుట్ట. పాడు మనిషిని, నా మోటారు లేకుండా నేనెక్కడికన్నా వెళ్తానా? బిగించాను, మీట వేశాను. మూడు మైళ్ల అవతల్నించి సముద్రం పైపులోంచి బుసబుసా వచ్చేసింది. చేపలు కూడా, వరసలో, ఒకదాని వెనక ఒకటి. పడవలు లేచాయి, ఓడ లేచింది, ఊరంతా చప్పట్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సంబరంలో మోటారు ఆపడం మర్చిపోయాను. మేం ఓడెక్కేసరికి రెండో ఊళ్లో దీపస్తంభం నడుముదాకా మునిగింది. మళ్లీ దిగి, మోటారు తిరగేసి పెట్టి, ఎక్కువైన నీళ్లు తోడి..."

మాస్టారు బల్ల మీద కొట్టి నవ్వుతున్నాడు. తాత కళ్లు తుడుచుకుంటున్నాడు. చిన్నల్లుడు ఒక్కడే నవ్వలేదు. ఆరంగుళాల లోతు అనుకున్నాడు లోపల. ఆ జేబులు కత్తిరించింది నేను. ఆరంగుళాల జేబులో అర హార్స్‌పవర్.

అప్పుడు చూశాడు. ఇంత కథలో పెద్దల్లుడి చెయ్యి జేబు మీద తట్టింది, జేబు మీద నిమిరింది, ఒక్కసారి కూడా జేబులోకి వెళ్లలేదు. జేబు మూత కింద సన్నగా నీలం దారం వరస కనిపించింది. అది ఎవరి చేతి కుట్టో చిన్నల్లుడికి ఒకరు చెప్పక్కర్లేదు.

కోటు కుట్టినవాడెవడైనా జేబులు సాగిపోకుండా నోటికి కచ్చా కుట్టు వేసే ఇస్తాడు. కుట్టించుకున్నవాళ్లు ఇంటికెళ్లి దారం కత్తిరించుకుంటారు. తెలియనివాడికి ఈ మాట చెప్పాలి. కోటు చేతికిచ్చిన రోజు చిన్నల్లుడు ఆ మాట చెప్పలేదు. మర్చిపోయానని తనకి తాను చెప్పుకున్నాడు గానీ, మర్చిపోలేదు. అసూయతో చెప్పలేదు.

గ్లాసు కింద పెట్టి మెల్లగా లేచాడు. "అన్నయ్యా, మూడూళ్లలోనూ ఈ కోటేనా?"

"ఒంటిమీంచి తీస్తే ఒట్టు, తమ్ముడూ."

"మోటారు కుడి జేబులోంచే కదా?"

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఏదీ, చెయ్యి పెట్టి చూపించు. ఎంత లోతు వచ్చిందో చూద్దామని. కుట్టినవాణ్ని కదా."

పెద్దల్లుడు నవ్వుతూ చెయ్యి పెట్టబోయాడు. వేళ్లు ఆగిపోయాయి. కాస్త పక్కనుంచి ప్రయత్నించాడు, వెళ్లలేదు. ఎడమది చూశాడు, అదీ అంతే.

"అవి కచ్చా కుట్లన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు, అందరికీ వినిపించేలా. "నేను వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఈ కోటు జేబుల్లో ఇంతవరకు చేతి రుమాలు కూడా దూరలేదు. ఇదే కోటుతో మూడూళ్లు తిరిగినవాడు ఒక్కసారైనా జేబులో చెయ్యి పెట్టడా? మోటారు సంగతి దేవుడెరుగు, అసలు నువ్వు ఓడ దిగావా?"

చిన్న మాటే. లేని మోటారు మీద నవ్వినవాళ్లు లేని ప్రయాణం మీద నవ్వలేకపోయారు. పెద్దల్లుడి మొహం చూస్తేనే జవాబు తెలిసిపోయింది. లేచి నిలబడ్డాడు. కుర్చీ ఖాళీ అయింది.

చిన్నల్లుడు రెండడుగులు కుర్చీ వైపు వేశాడు.

సరిగ్గా అప్పుడే ఎదురు కొట్టు షట్టరు దించి, తాళం గుత్తితో వదినగారు వీధి దాటి వచ్చింది, రోజూ లాగే మొగుణ్ని ఇంటికి తీసుకెళ్లడానికి. అక్క ఊరుకోలేదు. "అమ్మాయ్, మీ ఆయన ఓడ దిగాడా, దిగలేదా?"

"ఈయనా?" అంది వదినగారు. "ఎక్కిన రోజు నుంచి ఒకటే వాంతులు. బకెట్టు పట్టుకుని మంచమ్మీదే ఉన్నాడు. డబ్బు కట్టేశాం కదా, నువ్వన్నా వెళ్లిరా అన్నాడు. నేనొక్కదాన్నే వెళ్లాను, ఇంకో ఆరుగురితో."

"మూడూళ్లూ చూశావా?"

"చూశాను. రెండో ఊళ్లో వాన." ఆవిడ అంతటితో ఆపేసేదే. అక్క కొంగుతో కుర్చీ తుడిచి ఆవిడ వైపు జరిపింది. చిన్నల్లుడు వేసిన రెండడుగులూ వెనక్కి వేశాడు. వదినగారు కూర్చుని, కాసేపు తాళం గుత్తి వేళ్లతో తిప్పింది.

"మొదటి ఊళ్లో అన్నీ మెట్లే. నాలుగొందలున్నాయో లేదో లెక్కపెట్టలేదు గానీ మోకాళ్లు పట్టేశాయి. మిగతావాళ్లు పైకెళ్లారు, నేను మధ్యలో కూర్చుండిపోయాను. సందుకి అడ్డంగా ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తాడు కట్టి బట్టలారేశారు. ఒక పెద్దావిడ తాడు లాగుతోంది, తాడు తిరిగే చక్రం పట్టేసింది, రావడం లేదు. ఏమీ అడగలేదు, నావైపు చూసిందంతే. వెళ్లి చెరో పక్కా లాగాం. దుప్పట్లు పక్కకి జరిగితే వాటి మధ్యలోంచి సముద్రం కనిపించింది. ఇంత వెడల్పున."

చేతులతో చూపించింది. జానెడుంటుంది.

"ఆ తర్వాత?" అన్నాడు తాళాల తాత.

చిన్నల్లుడు తాత మొహం చూశాడు. పదకొండేళ్లు బ్యాండు మేళం కథ చెప్పాడు, ఈ తాత ఒక్కసారి కూడా 'ఆ తర్వాత' అనలేదు.

"తర్వాతేముంది తాతా. ఆవిడ కుర్చీ వేసింది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. వాళ్లు దిగొచ్చేదాకా ఇద్దరం అలా కూర్చున్నాం. ఇరవై మూడేళ్ల కాపురంలో నా పక్కన ఎవరూ మాట్లాడకుండా ఒక గంట గడవడం అదే మొదలు."

ఎవరూ నవ్వలేదు. అక్క కొత్తగా కాచిన టీ వడకట్టి, మొదటి గ్లాసు వదినగారి చేతికిచ్చింది. మాస్టారు బల్లని ముందుకి జరుపుకున్నాడు. "రెండో ఊళ్లో వానన్నారు, మరి వ్యాను..."

తోడల్లుళ్లిద్దరూ వెనకాల గోడ పక్కన నిలబడ్డారు. తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు, ఆ ఇద్దరినీ తలదన్నింది గొంతు పెంచని మనిషి. చిన్నల్లుడికి గెలిచిన ఆనందం పెదవి దాకా కూడా రాలేదు.

"వచ్చినప్పట్నుంచీ ఇంట్లో ఇదే, తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు గుసగుసగా. "ఆ దుప్పట్లు, ఆ సందు. ఎవరో అడిగితే గానీ చెప్పదు, చెప్తే ఇలా చెప్తుంది. ఓడ నా మోటార్ల వల్ల, చూసింది తను. ఏడుపొచ్చింది నాకు. తట్టుకోలేక ఆ మూడూళ్లూ ఇక్కడికి తెచ్చి నావి చేసుకున్నాను."

ఆ ఏడుపు ఎలాంటిదో చిన్నల్లుడికి తెలిసినంత బాగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

కుర్చీలోంచి వదినగారి గొంతు వాన గురించి చెబుతోంది. పెద్దల్లుడు చేతులు కట్టుకున్నాడు, విప్పాడు, వెనక్కి పెట్టుకున్నాడు, ముందుకి తెచ్చుకున్నాడు.

"తమ్ముడూ, ఆ కుట్లేవో ఇప్పుడన్నా విప్పు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు."

చిన్నల్లుడు చొక్కా జేబులోంచి చిన్న కత్తెర తీసి, మూత ఎత్తి, కుడి పక్క దారం కత్తిరించాడు, ఎడమ పక్కదీ కత్తిరించాడు. పెద్దల్లుడు రెండు చేతులూ జేబుల్లో దోపుకుని, గోడకి చేరగిలబడి, హాయిగా పెళ్లాం కథ వినసాగాడు. ఆరంగుళాల లోతు, మణికట్టు దాకా సరిగ్గా దిగాయి, ఎంత బాగా కుట్టాడో.

చిన్నల్లుడి ఒంటిమీద ఉన్నది చొక్కా. దానికి ఒక్కటే జేబు, అందులో కత్తెర. తన చేతుల వైపు చూసుకున్నాడు, ఆ కోటు వైపు చూశాడు, కడుపు మళ్లీ మండింది.