భిక్షం గారి సవివర స్తోత్రం

1991 జూన్ 17, సోమవారం ఉదయం శ్రీ గుంటి భిక్షం గారు మేడ్చల్‌లోని మన మిషన్ ఆసుపత్రి ప్రయోగశాలలో సహాయకులుగా చేరారు. శామీర్‌పేట నుండి సైకిలుపై వచ్చిన ఆ ఇరవై ఆరేళ్ల యువకునికి నేను అప్పగించిన మొదటి పని నలభై గాజు పలకలు కడగడం. ఆయన కడిగిన ఒక్కొక్క పలకను వెలుతురుకు ఎత్తి చూసి, పెదవులు కదిపి, పక్కన పెట్టారు. ఏమంటున్నారని అడిగితే, “పగలలే గద మేడమ్, స్తోత్రం చెప్తున్న” అన్నారు.

1998లో సాంకేతిక శిక్షణ ముగించి పదోన్నతి పొందారు. 2004లో బ్లడ్ బ్యాంకు ఆరంభమైనప్పుడు దాని బాధ్యతలు స్వీకరించారు. దేవుడు చేసిన మేలును గుర్తించి, దాని వివరమంతా చెప్పి కృతజ్ఞత చెల్లించడం క్రైస్తవ విశ్వాసంలో తమకు నిత్యవిధి అని ఆయన భావించేవారు. శుక్రవారపు కృతజ్ఞతా కూడికలో తక్కినవారు రెండు మాటల్లో ముగిస్తే, ఆయన వేళలతో, పేర్లతో పూర్తి వృత్తాంతం వినిపించేవారు.

“అన్నా, ప్రార్థన చేస్తున్నవా, పంచనామా రాయిస్తున్నవా? ఛాయ్ సల్లగైతాంది” అని వార్డు సహాయకుడు దేవేందర్ ఎగతాళి చేసేవాడు.

“ఏం మేలైందో చెప్పకుంట ఉత్తగ స్తోత్రమంటే దేవునికే సమజ్ కాదు రా” అని ఆయన బదులిచ్చేవారు.

అంతటి నిష్ఠ గలవారి పనిలో పొరపాటు దొర్లదని నేను నమ్మాను. ఆ నమ్మకం నుండి ఒక ఆనవాయితీ పుట్టింది: రక్తపు సంచికి భిక్షం గారు రోగి పేరున్న చీటీ కట్టాక, దానిని మరొకరు సరిచూడనక్కరలేదు. ప్రయోగశాలాధిపతిగా, శాస్త్రం చదివిన నేనే దీనిని అనుమతించాను.

2017 ఫిబ్రవరి 8, బుధవారం నాడు అత్వెల్లికి చెందిన మజీదా అనే బాలింతకు రక్తస్రావం ఆగలేదు. ఆమెకు కావలసినది ఓ పాజిటివ్ రక్తం. ఆమె పేరిట వార్డుకు చేరిన సంచిలో ఉన్నది బి పాజిటివ్. ఎక్కించి ఉంటే ఆమె ప్రాణానికే ముప్పు. సిస్టర్ సృజన గారు సంచి మీది రక్తవర్గపు ముద్ర చదివి, చివరి క్షణంలో ఆపివేశారు. సంచిని విడుదల చేస్తూ సంతకం చేసినది అప్పటికి బ్లడ్ బ్యాంకులో చేరి ఏడాదైనా నిండని సుమయ్య. సంతకం చూశాను, ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. చీటీలు మార్చింది ఆమేనని మెమో రాసి, తొలగింపునకు సిఫారసు చేస్తానని హెచ్చరించాను.

“అల్లా కసమ్ మేడమ్, చీటీలు నేను ముట్టలే” అని ఆ అమ్మాయి అన్నప్పుడు, భిక్షం గారి మీద నింద మోపుతున్నదని మరింత ఆగ్రహించాను.

శుక్రవారం కూడికలో భిక్షం గారు లేచారు. మజీదా బ్రతికినందుకు తమ పద్ధతిలోనే మొదలుపెట్టారు.

“స్తోత్రం ప్రభువా. బుధవారం పదకొండు గంటలకు రెండు సంచులు నా ముందట ఉండె. ఒకటి మజీదాది, ఇంకోటి మగోళ్ల వార్డుల ఉన్న మన్నాన్ భాయ్‌ది. పరీక్షలు మంచిగొచ్చినయి. చీటీలు చేతుల వట్టుకొని, కండ్లు మూసుకొని నీకు స్తోత్రం చెప్పిన. కండ్లు తెరిచి...”

ఆగిపోయారు.

“కండ్లు తెరిచి చీటీలు కట్టిన. ఏ సంచికి ఏది కట్టిన్నో సూడలే.”

తప్పు ఎవరిదో ఆయనకు అంతవరకు తెలియదు. స్తోత్రాన్ని వివరంగా చెప్పబోయినందువల్లనే తెలిసింది. తప్పునకు కారణమూ స్తోత్రమే, అది బయటపడడానికి కారణమూ స్తోత్రమే. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ దిగ్భ్రమ నుండి నేను పూర్తిగా తేరుకోలేదు.

“సార్, కూసోండి, జర నీళ్లు తాగుండ్రి” అంటూ అందరికన్నా ముందు కదిలినది సుమయ్య.

ఆయన కూర్చోలేదు. “మేడమ్, గా మెమో నాకియ్యాలె. తప్పు నాదని తెల్వనిచ్చిండు, దానికి గూడ స్తోత్రం.”

“గిదేం స్తోత్రమన్నా, నౌకరి పోతదే!” అన్నాడు దేవేందర్. ఆ రోజు అతని గొంతులో ఎగతాళి లేదు.

“పోతె పోనీ. ఆ పిల్లది పోవద్దు.”

విచారణ జరిగింది. ఆయనను ఏడాది పాటు బాధ్యతల నుండి తప్పించారు. ఆ ఏడాది ఆయన తమ కింద పనిచేసినవారి కిందనే పనిచేశారు. ప్రతి చీటీని ఇద్దరు బిగ్గరగా చదివి సరిచూసే నియమం ఆయన కోరగా వచ్చినదే. బాధ్యతలు తిరిగి అందిన నాటి నుండి నేటి వరకు ఆ విభాగంలో ఒక్క సంచి కూడా తారుమారు కాలేదు.

ఈ వ్యాసం కోసం గత నెల యాజమాన్యం అనుమతితో ఆ సంఘటన దస్త్రాన్ని కొంపల్లిలోని మా ఇంటికి తెప్పించుకున్నాను. దానితోపాటు సుమయ్య గారి దస్త్రమూ వచ్చింది. తెరిచి నిర్ఘాంతపోయాను. నా మెమో అందులోనే ఉన్నది. రద్దు చేస్తున్నానని ఆ శుక్రవారం నోటితో చెప్పాను. కాగితం మీద పెట్టలేదు. మరుసటి ఏడు నేను పదవీ విరమణ చేశాను. ఆ ఒక్క కాగితం కారణంగా ఆమె పదోన్నతి రెండుసార్లు నిలిచిపోయింది. కారణం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె మాత్రం నన్ను చూసిన ప్రతిసారీ లేచి నిలబడి సలాం చేస్తూనే ఉన్నారు.

భిక్షం గారికి ఫోన్ చేశాను. “ఇప్పుడన్న కండ్లవడ్డది మేడమ్, స్తోత్రం. ఇగ ఏమైందో మొత్తం చెప్పుండ్రి. అందరు సదివే కాడ చెప్పుండ్రి” అన్నారు.

అందువల్ల చెబుతున్నాను. 2017లో తప్పుడు ఆనవాయితీ నాది, విచారించని మెమో నాది, రాయని రద్దు నాది. మెమోను రద్దు చేయవలసిందిగా కోరుతూ యాజమాన్యానికి లేఖ సమర్పించాను. భిక్షం గారి స్థానానికి సోమవారం ఎంపిక జరుగుతుంది, అభ్యర్థుల్లో సుమయ్య గారూ ఉన్నారు; ఆమె దస్త్రం తెరిచేవారికి మొదట కనిపించేది ఆ లేఖలోని నా ఒప్పుకోలే. ఇంకా ఆలస్యం కాకముందే ఇది బయటపడినందుకు, నా విశ్వాసం వేరైనా, కృతజ్ఞత చెల్లిస్తున్నాను.

2025 ఆగస్టు 31న విరమిస్తున్న భిక్షం గారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు జీవించాలని, ప్రతి ఉదయం స్తుతించడానికి వారికొక మేలు కలగాలని, ఆ మేలును చివరిదాకా వినే ఓపిక మనకు కలగాలని హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాను.

— డాక్టర్ జానకీదేవి,
విశ్రాంత ప్రయోగశాలాధిపతి