రాళ్ళదిన్నె మీద పొట్టు పాతర

గిడ్డయ్య అని ఒకడుండె బండగండిలో. మంచోడే, కష్టం చేసేటోడే, ఎనిమిదెకరాల నల్లరేగడి ఉండె, కానీ అనుమానం మనిషి. ఎంత అనుమానమంటే, పెండ్లాం సవారమ్మ రొట్టెలు చేసేకి పిండి తీస్తే, ఎంత తీసిందో కుండలోకి తొంగి చూసి పోయేటోడంట. దావలో ఎవరన్నా బాగుండావా గిడ్డయ్యా అంటే చాలు, ఈడు నన్నెందుకు అడిగినాడబ్బా అని సాయంత్రం దాకా అదే ఆలోచన. అట్లాంటోనికి ఏటేటా వచ్చే కష్టం ఒకటి ఉండె. ఏందంటే, పండిన జొన్నలు తీసుకుపోయి ఇంకొకరి నేలలో పూడ్చల్ల.

మీకు పాతరంటే తెల్దు గదా, చెప్తా వినండి. అప్పుడు గోడౌన్లు యాడివి? మనిషి లోతు గుంత తవ్వుతారు, మూతి సన్నంగ, కడుపు లావుగ, కుండ మాదిరి. లోపల మంటేసి చెమ్మంతా లాగిస్తారు, చుట్టూ సొప్ప పరుస్తారు, జొన్నలు పోస్తారు, పైన బండ మూసి మట్టి మెత్తుతారు. రెండేండ్లయినా గింజ చెడదు. కానీ యాడంటే ఆడ తవ్వితే కుదరదు. రేగడిలో తవ్వితే వాన నీళ్ళు దిగి నిలబడిపోతాయి. అందుకని బండగండోళ్ళంతా ఊరిపైన రాళ్ళదిన్నె మీదనే పాతర్లు పెట్టేది. వంక నీళ్ళు పోయి గండిలో, అంటే ఆ లోతు లోయలో, పడే కాడ, అంచుమీద ఉంటాది ఆ దిన్నె. చూస్తే ఏముంది, పైనంతా గులకరాళ్ళు, కింద ఎర్ర గరుసు, దాని కింద పగుళ్ళ బండ. రాయి తిరగేస్తే అడుగున తెల్లగ సున్నం పట్టి ఉంటాది. మడక పెడితే కర్రు విరిగిపోతాది. కొర్రలు, ఉలవలు తప్ప ఇంకేం పండవు. కానీ వాన ఎంత కురవనీ, ఆ నేల తాగేస్తాది, తాగి పగుళ్ళలో నుంచి గండిలోకి వదిలేస్తాది. మూడు దినాలు ముసురు పట్టినా నాలుగో దినం చెప్పుకు మట్టి అంటదు. ఆ దిన్నె సుంకులమ్మది. మొగుడు చచ్చిపోయినాంక ఆడనే కొట్టం ఏసుకొని ఉండె ఆయమ్మ. పాతర్లకు కాపలా ఆమెనే. తెరిచిన దినం ఎవరికి తోచింది వాళ్ళు చాటలో పోసిపోతారు, అదే ఆమె బతుకు. ఎవురు ఏం పూడుస్తాండారో ఏపొద్దూ అడిగింది లేదు, చూసింది లేదు.

ఆ ఏడు ఏమైందంటే, గిడ్డయ్యకు జొన్నలు విరగపండె. పండేసరికి అనుమానం కూడా దాంతోపాటే పెరిగె. ఆ ముండమోపి ఒంటిగా ఉంటాది, పక్కన గండి, గండి గోడలో గుహలు, ఆ గుహల్లో నుంచి బిలం తవ్వి పాతర అడుగున గింజలు లాగితే పైనున్నోనికి తెలుస్తాదా అని. చూడు, మనిషి ఆలోచన యాడికి పోతాదో. అట్లని దిన్నె మీద పెట్టకపోతే, గిడ్డయ్య గింజలు ఇంట్లోనే దాచినాడని ఊరంతా చెప్పుకుంటాది, దొంగలు ఇంటి మీదికే వస్తారు. బాగ ఆలోచన చేసి ఏం చేసినాడనుకుంటారు? కళ్ళంలో మిగిలిన జొన్న పొట్టు బస్తాలకెత్తి, బండి కట్టుకొని, అందరూ చూస్తాండంగనే దిన్నె మీదికి తోలుకపోయి పాతర్లో పోసినాడంట. పైన రెండు గంపల మంచి గింజలు పరిచి, బండ మూసి, మట్టి మెత్తినాడు. చూసినోళ్ళు గిడ్డయ్య జొన్నలు పూడ్చినాడనే అనుకున్నారు. అసలు జొన్నలేమో, సవారమ్మను పుట్టింటికి పంపించి, దొడ్డి ఎనక తన రేగట్లోనే గుంత తీసి పూడ్చుకున్నాడు. ఎండాకాలం గదా, రేగడి బండ మాదిరి గట్టిగుండె, గుంత ఎండిపోయి కణకణలాడుతుండె. ఇంతకంటే మంచి పాతర ఉంటాదా అనుకున్నాడు.

రేగడి సంగతి సేద్యం చేసేటోనికి నేను చెప్పల్లనా? ఎండకు నెర్రెలు ఇస్తాది, ఆ నెర్రెల్లో చెయ్యి పెడితే మోచెయ్యి దాకా పోతాది. మొదటి వానకే నీళ్ళు ఆ నెర్రెల్లో పడి నేరుగా గింజల మీదికి దిగె. ఆనక నేల ఉబ్బి మూసుకొనె. దిగిన నీళ్ళు ఇంక బయటికి పోయే దావ లేకపాయె. శ్రావణం పోయి భాద్రపదం వచ్చె, ఇంట్లో గింజలు అడుగంటె. గిడ్డయ్య ఎవురూ లేనప్పుడు చూసి మూత తీసినాడు. తీసి చెయ్యి పెడితే, గింజ తగలలేదంట. వెచ్చగ, ముద్దగ, పులిసిన సంగటిలో చెయ్యి పెట్టినట్ల తగిలిందంట. అట్లనే కూలబడినాడు. ఏడాది తిండి. మళ్ళా మూత పెట్టేసినాడు. పెండ్లానికి చెప్పల్లంటే సిగ్గు. ఊర్లో చెప్పల్లంటే ఇంకా సిగ్గు. రెండు దినాలు అన్నం తినకుండ ఆలోచన చేసి, మూడో దినం తెల్లారి పెద్దమనిషి శేషిరెడ్డి గడపలోకి పోయి, దిన్నె మీద నా జొన్నలు పోయినాయి రెడ్డీ అని ఏడ్చినాడంట. పాతర్లో చెయ్యి పెట్టి చూసినా, పైన గింజలుండాయి, కింద అంతా పొట్టు, గండిలో నుంచి బిలం తవ్వింది ఆ సుంకులమ్మ అని.

ఊరికి ఈ మాట సాలు గదా. పొద్దెక్కేలోపల అందరూ దిన్నె మీద ఉండారు. నిన్నటిదాకా ఆయమ్మ పెట్టిన మజ్జిగ తాగినోళ్ళే, ఆ దినం కొట్టంలోకి తొంగి చూసి, కుండలు ఊపి చూసి, ఈమె ఇంత నున్నగ ఎట్లుంది, ఉలవలు తిని ఇంత నున్నగ ఉంటారా అనిరంట. మా పాతర్లు కూడా తెరిచి చూసుకుంటాం అని ఒకడు పార తీసినాడు. అప్పుడు సుంకులమ్మ, మబ్బు పట్టింది, ఇప్పుడు తెరిస్తే గాలి తగిలి, చెమ్మ తగిలి గింజకు పురుగు పడ్తాది, వానలు పోయినాంక తెరుచుకోండి అని చెప్పింది. ఉన్న మాటే. కానీ ఆ మాటకే ఇంకా అనుమానం ముదిరె. చూసినారా, తెరవనియ్యదు అనిరి. ఏం చెప్తే ఏం లాభం, ఒకసారి మొదలైనాంక మంచి మాట కూడా దొంగ మాట మాదిరే వినపడ్తాది.

శేషిరెడ్డి నిదానస్తుడు. ముందు గిడ్డయ్య పాతర ఒకటే తెరుద్దాం అన్నాడు. తెరిచిరి. పైన రెండు గంపల గింజలు, కింద అడుగు దాకా పొట్టు. గిడ్డయ్య తల మీద చేతులు పెట్టుకున్నాడు. దొంగతనం చేసినోళ్ళు పైన మంచి గింజలు ఎందుకు వదిలి పోతారు అని ఎవురో అడిగితే, పై నుంచి చూస్తే తెలియకుండాలని వదిలింది అన్నాడు. అనుమానం మనిషికి జవాబు కొదవ ఉండదు గదా. సుంకులమ్మ మాత్రం ఏడవలేదు, అరవలేదు. ఆ పొట్టు గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి, వాసన చూసి, కొట్టంలోకి పోయి రెండు సత్తు తట్టలు, కడవెడు నీళ్ళు తెచ్చె. ఒక తట్టలో పాతర పొట్టు వేసె. ఇంకో దాంట్లో తన కొర్ర పొట్టు వేసె. రెండిట్లో నీళ్ళు పోసి చేత్తో కలిపె. అందరూ గుమిగూడి చూస్తాండారు. ఆయమ్మ పొట్టు కడిగిన నీళ్ళు ఎర్రగ, ఇటుక రంగులో తిరిగె. పాతర పొట్టు కడిగిన నీళ్ళు నల్లగ, కాటుక మాదిరి తిరిగె. అప్పుడు అనిందంట, “నా నేలలో జొన్న పండదు, నల్లమట్టి లేదు. ఈ పొట్టు రేగడి కళ్ళంలోది. నేను బిలం తవ్వి గింజలు తీసింటే, ఇంత పొట్టు ఏ బండి మీద తెచ్చి పోసినానో మీరే చెప్పండి.”

కొందరు తలలూపిరి. గిడ్డయ్య మాత్రం, నా కళ్ళంలో పొట్టే ఎత్తుకొచ్చి పోసింది, దాన్ని నమ్మొద్దు అన్నాడు. కొంతమంది అవునవును, అట్ల కూడా చెయ్యొచ్చు అనిరి. మళ్ళా త్రాసు అటు ఒరిగె. అప్పుడు శేషిరెడ్డి తిరిగి, వెనక ఆడోళ్ళలో నిలబడిన సవారమ్మను చూసి, అమ్మా, మీ కళ్ళంలో పొట్టు ఏమైంది ఈ ఏడు అని అడిగినాడు. ఆమె మొగుని దిక్కు చూసింది. గిడ్డయ్య కండ్లెర్ర చేసినాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొనింది. ఇంట్లో గింజల్లేవు, పిల్లలకు రెండు దినాల నుంచి ఉడకేసిన ఉలవలే. చివరికి కొంగు తీసి చెప్పింది.

“పొట్టు ఈయనే బస్తాలకెత్తినాడు రెడ్డీ. ఎందుకని అడిగితే నన్ను నోర్మూయమన్నాడు. గింజలు యాడ పెట్టినాడో నాకు తెల్దు. మూడు దినాల నుంచి దొడ్డి ఎనక పులిసిన వాసన వస్తాంది, అటు పోతే కొడతాడు. పదండి చూద్దాం, నాకూ తెలియల్ల.”

పోయి చూసిరి. పార తగిలీతగలంగనే వాసన పైకి కొట్టె. గుంతలో సగం నీళ్ళు, సగం జొన్న బురద. గొడ్లు కూడా మూతి పెట్టవు అట్లాంటిదానికి.  శేషిరెడ్డి వాన్ని తిట్టలేదు, కొట్టలేదు. పో, దిన్నెకు పోయి ఆయమ్మ కాళ్ళు పట్టుకో అన్నాడు. పట్టుకున్నాడు. సుంకులమ్మ లెయ్యి అని కూడా అనలేదంట, అట్లనే చూస్తా నిలబడిందంట. ఆనక కొట్టంలోకి పోయి, తన గాదెలో కొర్రలు మూడు చాటలు సవారమ్మ ఒళ్ళో పోసి పంపించింది. మొగునికి గాదు, పిల్లలకు అని చెప్పి మరీ పంపించింది.

గిడ్డయ్య బతికినాడు, మళ్ళా పండించినాడు, దిన్నె మీదనే నిజంగ పూడ్చినాడు, అదంతా బాగనే జరిగె. సుంకులమ్మే మారిపాయె. అంతకుముందు ఎవురేం పోస్తాండారో చూసేది గాదని చెప్పినా గదా. ఆ ఏటి నుంచి ఎవురు పాతర మూయబోయినా, ఆయమ్మ వచ్చి బోర్లా పండుకొని, గింజల్లోకి చంక దాకా చెయ్యి దింపి, లోపల నుంచి గుప్పెడు తీసి చూసేదంట. రెడ్డి పాతరైనా అంతే. మా అవ్వ కూడా పోసిందంట జొన్నలు ఒక ఏడు. ఆయమ్మ చెయ్యి పెట్టేసరికి మా అవ్వకు రోషం వచ్చి, నేనేమన్నా గిడ్డయ్య మాదిరి పొట్టు పోసేదాన్నా, నా గింజలు ఎందుకు కెలుకుతాండావు వదినా అని అడిగిందంట. ఆయమ్మ గుప్పెడు తీసి, చూసి, మళ్ళా లోపలికే పోసి, చెయ్యి దులుపుకొని, ఇంగ మూసుకోండి అనిందంట. మా అవ్వ చచ్చేదాకా ఆ మాటకు తిట్టుకుంటనే ఉండె. నేనైతే ఆయమ్మ చేసిందే సరే అంటా. మా అవ్వ మంచిదే, కానీ ఆ దినం దిన్నె మీద కుండలు ఊపి చూసినోళ్ళలో మా అవ్వ లేదని నాకేం నమ్మకం?